దూరపు గెలాక్సీ గుచ్ఛాల రేడియో కాంతి: రెండు అంకెలు చాలవు

గెలాక్సీ గుచ్ఛం అనగానే వందలాది గెలాక్సీలు ఒకచోట చేరిన దృశ్యం మనసులో మెదులుతుంది. కాని గుచ్ఛం మొత్తం ద్రవ్యరాశిలో ఆ గెలాక్సీల వాటా బహు స్వల్పం. ఎక్కువ భాగం కృష్ణపదార్థం. మిగిలిన మామూలు పదార్థంలో సింహభాగం గెలాక్సీల నడుమ నిండి ఉన్న వాయువు. దాని ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలు. ఎక్స్ కిరణాలలో అది దేదీప్యమానంగా వెలుగుతుంది. కొన్ని గుచ్ఛాలలో ఆ వాయువు ఉన్న మేర అంతటా పలచని రేడియో కాంతి కూడా పరచుకుని ఉంటుంది. అది ఫలానా గెలాక్సీ నుంచి వస్తోందని వేలుపెట్టి చూపలేం. దాని విస్తృతి ముప్పై లక్షల కాంతి సంవత్సరాలకు అటూ ఇటూగా ఉంటుంది. 1959లో లార్జ్, మాథ్యూసన్, హాస్లమ్ కోమా గుచ్ఛంలో దీన్ని మొదట గుర్తించారు. 1970లో విల్సన్ పరిశీలనలు దాన్ని ధ్రువపరిచాయి. గుచ్ఛం నడుమ పరచుకున్న ఈ కాంతిని రేడియో హాలో అంటారు. అంచుల్లో విల్లులా వంగి కనిపించేదాన్ని రెలిక్ అంటారు.

ఈ కాంతి ఎలా పుడుతుందో తేల్చగల సాక్ష్యం ఎక్కువగా ఒకే కొలతలో ఉంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కాంతి ఎంత వేగంగా తగ్గిపోతోంది? ఆ తగ్గుదల రేటునే వర్ణపటపు వాలు అంటాం. వాలు 1 అయితే, పౌనఃపున్యం పదింతలైనప్పుడు కాంతి పదో వంతుకు పడిపోతుంది. 1.3 అయితే ఇరవయ్యో వంతుకు, 1.7 అయితే యాభయ్యో వంతుకు.

గత పదేళ్ళలో, కాంతి మనల్ని చేరడానికి ఆరేడు వందల కోట్ల ఏళ్ళు పట్టేంత దూరపు గుచ్ఛాలలో కూడా హాలోలు వరసగా బయటపడ్డాయి. కనుక్కోవడంలో సాధించిన ప్రగతి అబ్బురపరిచేది. వాటి వర్ణపటాన్ని నమ్మకంగా కొలవడంలో మాత్రం మనం ఇంకా వెనకబడే ఉన్నాం. ఈ అంతరాన్ని పూడ్చనిదే అసలు ప్రశ్నకు జవాబు రాదన్నది ఈ సమీక్ష సారాంశం.

వాలు ఏం చెబుతుంది

ఈ రేడియో కాంతి సింక్రోట్రాన్ కాంతి. కాంతి వేగానికి అతి చేరువలో పరుగెత్తే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరుగుతూ దీన్ని వెలువరిస్తాయి. గుచ్ఛాలలో ఆ క్షేత్రం కొన్ని మైక్రోగాస్ మాత్రమే. భూమి అయస్కాంత క్షేత్రంతో పోలిస్తే లక్షో వంతు. వెలిగే ఎలక్ట్రాన్ తన శక్తిని ఖర్చు చేసుకుంటుంది. శక్తి ఎక్కువున్న ఎలక్ట్రాన్లు ముందుగా నీరసిస్తాయి. అందుకే వయసు మీరిన ఎలక్ట్రాన్ల కాంతి అధిక పౌనఃపున్యాల దగ్గర త్వరగా పడిపోతుంది, వాలు నిటారుగా మారుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. హాలోలో వెలిగే ఎలక్ట్రాన్ల ఆయుష్షు సుమారు పది కోట్ల ఏళ్ళు. అంతలో అవి ముప్పై లక్షల కాంతి సంవత్సరాల మేర పాకలేవు. 1977లో జాఫే ఈ ఇబ్బందిని ఎత్తి చూపాడు. కాబట్టి ఎలక్ట్రాన్లు ఒకచోట పుట్టి అంతటా పరచుకున్నవి కావు. ఎక్కడికక్కడ శక్తిని పుంజుకోవాలి, లేదా ఎక్కడికక్కడ పుట్టాలి.

దీనికి రెండు జవాబులు వచ్చాయి. మొదటిది, 1980లో డెన్నిసన్ ప్రతిపాదించినది. గుచ్ఛంలో కోట్లాది సంవత్సరాలుగా పోగుపడిన కాస్మిక్ ప్రోటాన్లు వాయువులోని ప్రోటాన్లను ఢీకొని కొత్త ఎలక్ట్రాన్లను నిరంతరం పుట్టిస్తాయి. రెండోది, 2001లో బ్రునెట్టి బృందం, పెట్రోసియన్ వేరువేరుగా తీర్చిదిద్దినది. రెండు గుచ్ఛాలు ఢీకొన్నప్పుడు వాయువులో లేచే కల్లోలం, అలసిపోయిన పాత ఎలక్ట్రాన్లకు మళ్ళీ వేగాన్నిస్తుంది.

ఈ రెంటికీ తేడా వాలులో కనబడుతుంది. ప్రోటాన్ల దారిలో పుట్టే ఎలక్ట్రాన్ల వర్ణపటం దాదాపు సరళరేఖలా సాగుతుంది, వాలు మరీ నిటారుగా ఉండదు. కల్లోలం ఇచ్చే వేగానికి మాత్రం ఒక హద్దుంది. ఆ హద్దు దాటాక కాంతి ఒక్కసారిగా కూలుతుంది. ఢీ బలంగా జరిగితే ఆ విరుపు అధిక పౌనఃపున్యం దగ్గర, బలహీనంగా జరిగితే తక్కువ పౌనఃపున్యం దగ్గర వస్తుంది. కాబట్టి చిన్న ఢీలు, చిన్న గుచ్ఛాలు అతి నిటారు వాలున్న హాలోలను పుట్టించాలి. 2008లో ఏబెల్ 521 గుచ్ఛంలో అలాంటిదే దొరికింది. పుణె జిల్లా ఖోడద్ వద్ద ఉన్న రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ 240 మెగాహెర్ట్జ్ దగ్గర స్పష్టంగా చూపిన ఆ హాలో, పౌనఃపున్యం పెరిగేకొద్దీ వేగంగా మసకబారింది. దాని వాలు 2కు దగ్గరగా ఉంది. ప్రోటాన్లతోనే దాన్ని వివరించాలంటే గుచ్ఛంలోని వేడి వాయువు మొత్తానికి ఉన్నంత శక్తి ఆ ప్రోటాన్లకే అప్పగించాలి. అది కుదిరేది కాదు. గుచ్ఛాల నుంచి ఆశించినంత గామా కిరణాలు ఫెర్మి ఉపగ్రహానికి చిక్కకపోవడం కూడా మొదటి వాదాన్ని బలహీనపరిచింది. దగ్గరి గుచ్ఛాల వరకు మొగ్గు కల్లోలం వైపే ఉంది.

దూరం తెచ్చే చిక్కులు

దగ్గరి గుచ్ఛాలలో కుదిరిన వాదాన్ని గట్టిగా పరీక్షించాలంటే దూరానికి, అంటే గతంలోకి, పోవాలి. ఎందుకంటే అక్కడ ఎలక్ట్రాన్లకు మరో శత్రువు బలపడుతుంది. విశ్వమంతా నిండిన నేపథ్య మైక్రోవేవ్ కాంతిని ఢీకొన్నప్పుడు కూడా ఎలక్ట్రాన్లు శక్తిని కోల్పోతాయి. దీన్ని ఇన్వర్స్ కాంప్టన్ నష్టం అంటారు. విశ్వం చిన్నగా ఉన్న రోజుల్లో ఆ నేపథ్య కాంతి సాంద్రత ఎక్కువ. దూరపు కాంతి తరంగాలను దారిలో విశ్వవ్యాకోచం ఎంత సాగదీసిందో చెప్పే అంకె రెడ్‌షిఫ్ట్. రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపి నాలుగో ఘాతం వేస్తే ఆ పెరుగుదల వస్తుంది. రెడ్‌షిఫ్ట్ 0.7 దగ్గర ఎనిమిది రెట్లు, 1 దగ్గర పదహారు రెట్లు. ఈ నష్టాన్ని అయస్కాంత క్షేత్రం భాషలో చెబితే నేడు 3.25 మైక్రోగాస్‌కు సమానం. రెడ్‌షిఫ్ట్ 0.7 దగ్గర 9.4, 1 దగ్గర 13.

దీని ఫలితాలు రెండు. ఎలక్ట్రాన్ల శక్తిలో ఎక్కువ భాగం రేడియో కాంతిగా కాక వేరే దారిన పోతుంది కనుక హాలోలు మసకగా ఉండాలి. నష్టం ఎక్కువైనందువల్ల కల్లోలం అందించే వేగానికి హద్దు కిందికి దిగి, విరుపు తక్కువ పౌనఃపున్యానికి జరగాలి. దానికి తోడు విశ్వవ్యాకోచం ఆ విరుపును మన దగ్గరికి వచ్చేసరికి ఇంకా కిందికి లాగుతుంది. అందుకే దూరాన అతి నిటారు హాలోలు ఎక్కువగా కనబడాలని కసానో, బ్రునెట్టి తదితరులు లెక్కకట్టారు.

రెడ్‌షిఫ్ట్ వల్ల మరో జాగ్రత్త కూడా అవసరం. 0.7 దగ్గరున్న గుచ్ఛాన్ని మనం 144 మెగాహెర్ట్జ్ దగ్గర చూస్తే, ఆ కాంతి అక్కడ బయల్దేరినప్పుడు 245 మెగాహెర్ట్జ్. 650 దగ్గర చూస్తే 1105. వర్ణపటం సరళరేఖ అయితే దీనివల్ల వాలు మారదు. వంగినదైతే మారుతుంది. దగ్గరి గుచ్ఛానికీ దూరపు గుచ్ఛానికీ ఒకే టెలిస్కోపుతో కొలిచిన వాలులను పక్కపక్కన పెట్టి, దూరానిది నిటారుగా ఉందని అంటే సరిపోదు. ఎలక్ట్రాన్లు మారాయా, మనం చూస్తున్న ముక్క మారిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

కొలిచే తీరు

రేడియో యాంటెన్నాలను జతలు జతలుగా కలిపి చిత్రం తీస్తారు. దూరదూరంగా ఉన్న జత సూక్ష్మ వివరాన్ని, దగ్గరగా ఉన్న జత విశాలమైన ఆకారాన్ని పట్టుకుంటుంది. జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. పద్నాలుగు ఒక చదరపు కిలోమీటరులో గుమిగూడి ఉంటే, మిగతావి మూడు చేతులుగా పాతిక కిలోమీటర్ల మేర విస్తరించాయి. హాలోను చూడడంలో ఆ నడిమి గుంపుదే ముఖ్యపాత్ర. దూరపు జతలతోనే హాలోను కొలవబోవడం బంగారం తూచే త్రాసులో దూది బస్తా తూచబోవడం లాంటిది.

కోమా హాలో ఆకాశంలో పున్నమి చంద్రుడికన్నా వెడల్పు. అందువల్ల దాని కాంతి కొంత కొలతలో జారిపోయే ప్రమాదముంది. దూరపు గుచ్ఛాలకు ఇక్కడ కొంత వెసులుబాటు. రెడ్‌షిఫ్ట్ 0.7 దగ్గర ముప్పై లక్షల కాంతి సంవత్సరాల హాలో రెండున్నర ఆర్క్ నిమిషాలలోపే ఇమిడిపోతుంది. కాని ఆ లాభాన్ని మరో నష్టం మింగేస్తుంది. ఆ చిన్న చోటులోనే గుచ్ఛపు రేడియో గెలాక్సీలన్నీ ఇరుక్కుని ఉంటాయి. హాలో కాంతి, వాటి కాంతి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

విడదీయడం ఇలా చేస్తారు. మొదట దూరపు జతలతో మాత్రమే చిత్రం తీస్తారు. అందులో చిన్న చిన్న మూలాలు మాత్రమే మిగులుతాయి. వాటి నమూనాను అసలు దత్తాంశం నుంచి తీసేసి, మిగిలినదాన్ని తక్కువ స్పష్టతతో మళ్ళీ చిత్రిస్తారు. చుక్కలా ఉండే మూలాలు బాగానే తొలగిపోతాయి. తోక సాచిన రేడియో గెలాక్సీలతోనే తంటా. ఆ తోక చుక్కా కాదు, హాలోనూ కాదు. దాన్ని ఎంతవరకు తీశారన్నది కొలిచేవారి విచక్షణ మీద ఆధారపడుతుంది.

రెండు పౌనఃపున్యాల దగ్గర తీసిన చిత్రాలకు ఒకే స్పష్టత, ఒకే కనీస జత దూరం, ఒకే ప్రాంతం ఉండాలి. ప్రమాణ మూలాల ప్రకాశానికి రెండు చోట్లా ఒకే కొలమానం వాడాలి. తక్కువ పౌనఃపున్యాల దగ్గర అయనోస్ఫియర్ సంకేతాలను దిక్కుదిక్కుకూ వేర్వేరుగా చెదరగొడుతుంది. దాన్ని సరిదిద్దే దిశాధారిత పద్ధతులు లేకుంటే నేటి దూరపు హాలోలలో చాలావాటిని చూడనే లేం. ఈ మధ్య హాలో ప్రకాశం కేంద్రం నుంచి ఘాతీయంగా తగ్గుతుందన్న నమూనాను చిత్రానికి అమర్చి మొత్తం కాంతిని రాబట్టడం వాడుకలోకి వచ్చింది. చేత్తో గీసిన హద్దు కన్నా ఇది మేలు. ఏమీ కనపడని చోట కృత్రిమ హాలోను దత్తాంశంలో చొప్పించి, ఎంత ప్రకాశం దాకా అది బయటపడదో చూసి పరిమితి చెప్పడం మరో మంచి అలవాటు.

అంకెలలో చూస్తే

ఒక ఊహా గుచ్ఛాన్ని తీసుకుందాం. లోఫార్ రేడియో టెలిస్కోపు 144 మెగాహెర్ట్జ్ దగ్గర కొలిచిన దాని హాలో కాంతి 20 మిల్లీజాన్స్కీలు (రేడియో ప్రకాశానికి ప్రమాణం). అసలు వాలు 1.3 అయితే 650 మెగాహెర్ట్జ్ దగ్గర 2.8 మిల్లీజాన్స్కీలు రావాలి. 1.7 అయితే 1.5 మాత్రమే. సిద్ధాంతాల పోరంతా ఈ 1.3 మిల్లీజాన్స్కీల తేడాలో ఉంది.

మొదటి సందర్భంలో 650 దగ్గర సగం మిల్లీజాన్స్కీ హాలో కాంతి, పక్క మూలంతో పాటు పొరపాటున తొలగిపోయిందనుకుందాం. వాలు 1.43గా తేలుతుంది. రెండో సందర్భంలో అదే సగం మిల్లీజాన్స్కీ ఇచ్చే ఒక మామూలు రేడియో గెలాక్సీ తొలగించకుండా మిగిలిపోయిందనుకుందాం. 144 దగ్గర అది మరో 1.4 కలుపుతుంది. వాలు 1.56కు దిగుతుంది. నిజంలో 0.4 ఉన్న తేడా కొలతలో 0.13కు కుంచించుకుపోయింది. రెండు చోట్లా పది శాతం కొలమాన అనిశ్చితి ఉంటే వాలులో వచ్చే దోషం సుమారు 0.09. అంటే రెండు పూర్తి భిన్నమైన హాలోలు దాదాపు ఒకేలా కనబడతాయి.

పౌనఃపున్యాల మధ్య ఎడం తగ్గితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. 325, 610 మెగాహెర్ట్జ్‌ల దగ్గర అదే పది శాతం అనిశ్చితితో కొలిస్తే దోషం 0.22కు పెరుగుతుంది. ఒకే బ్యాండు లోపలి నుంచి వాలు తీసే ప్రయత్నాలను ఈ కారణం వల్లే జాగ్రత్తగా చదవాలి.

ఇప్పటిదాకా తేలింది

జీఎంఆర్‌టీ హాలో సర్వే, రూతా కాలే తదితరులు కొనసాగించిన దాని విస్తరణ, రెడ్‌షిఫ్ట్ 0.2 నుంచి 0.4 వరకు ఉన్న గుచ్ఛాలను క్రమపద్ధతిలో చూశాయి. హాలోలు ఢీకొన్న గుచ్ఛాలలోనే ఉంటాయని, ప్రశాంతంగా ఉన్నవాటిలో అరుదని వీటి వల్లే గట్టిపడింది. లేని చోట లేదని పరిమితితో సహా చెప్పడం ఆ సర్వేల గొప్పతనం.

ఆపై లోఫార్ రంగంలోకి వచ్చింది. ప్లాంక్ ఉపగ్రహం గుర్తించిన గుచ్ఛాలలో 309ని లోఫార్ ఆకాశ సర్వే రెండో విడత దత్తాంశంలో పరిశీలించి, 83లో హాలోలు, 26లో రెలిక్‌లు ఉన్నాయని బోట్టియాన్ బృందం 2022లో ప్రకటించింది. వేడి వాయువు నేపథ్య మైక్రోవేవ్ కాంతిపై వేసే ముద్రను బట్టి ప్లాంక్ గుచ్ఛాలను గుర్తిస్తుంది. ఆ ముద్ర దూరంతో మసకబారదు. కనుక దూరపు భారీ గుచ్ఛాల ఎంపికకు ఈ జాబితా ఎంతో అనువైనది.

2021లో గాబ్రియెల్లా డి జెన్నారో బృందం రెడ్‌షిఫ్ట్ 0.6కు ఆవల ఉన్న 19 ప్లాంక్ గుచ్ఛాలను లోఫార్‌తో చూసింది. తొమ్మిదింటిలో విస్తరించిన రేడియో కాంతి దొరికింది. అదీ దగ్గరి హాలోలకు తీసిపోని ప్రకాశంతో. ఇన్వర్స్ కాంప్టన్ నష్టం అంతగా ఉన్నా ఇలా వెలుగుతున్నాయంటే, అప్పటికే అక్కడి అయస్కాంత క్షేత్రాలు నేటి గుచ్ఛాల స్థాయికి చేరి ఉండాలి. విశ్వం వయసు ఇప్పటిదానిలో సగమే ఉన్నప్పటికే ఆ క్షేత్రాలు అంత వేగంగా పెరిగాయన్నమాట. ఈ ఫలితం నిజంగా పెద్దది. అయితే అందులోనూ వాలు దాగి ఉంది. తక్కువ పౌనఃపున్యపు కొలత నుంచి 1400 మెగాహెర్ట్జ్ దగ్గరి శక్తిని అంచనా కట్టడానికి ఏదో ఒక వాలు అనుకోక తప్పదు. 0.7 దగ్గర ఆ అనుకోలు 0.3 తప్పితే శక్తి దాదాపు 1.7 రెట్లు మారిపోతుంది.

అందుకే అదే బృందం నవీకరించిన జీఎంఆర్‌టీతో ఆ గుచ్ఛాలనే మళ్ళీ చూసింది. కొన్నింటి వాలు దగ్గరి హాలోలలాగే ఉంది, మరికొన్నింటిది 1.5ను మించింది. ఈ మిశ్రమ ఫలితం కల్లోల వాదానికి అనుకూలమే. ఢీల బలాలు రకరకాలు కనుక వాలులూ రకరకాలుగా ఉండాలి.

అంతకన్నా దూరానికీ పోగలిగాం. రెడ్‌షిఫ్ట్ 0.87 దగ్గరున్న ఎల్ గోర్డో గుచ్ఛంలో హాలో, రెలిక్‌లు రెండూ ఉన్నాయని 2014లోనే తెలిసింది. దక్షిణాఫ్రికా కరూ ప్రాంతంలోని రేడియో టెలిస్కోపు మీర్‌క్యాట్ 1.23 దగ్గరున్న ఏసీటీ–సీఎల్ జే0329.2–2330 గుచ్ఛంలో హాలోను చూపింది. 2025లో లోఫార్ దత్తాంశం 1.71 దగ్గరి ఒక గుచ్ఛంలో చిన్న హాలో అనదగ్గ కాంతిని బయటపెట్టింది. అది బయల్దేరి సుమారు వెయ్యి కోట్ల ఏళ్ళయింది.

రెలిక్‌ల సంగతి కొంత వేరు. వాటిని ఢీ నుంచి బయటికి దూసుకుపోయే షాక్ తరంగం వెలిగిస్తుంది. 2010లో వాన్ వీరెన్ బృందం వెల్లడించిన సాసేజ్ రెలిక్‌లో బయటి అంచు దగ్గర 0.6 ఉన్న వాలు లోపలికి వచ్చేసరికి 2కు చేరుతుంది. షాక్ ముందుకు సాగిపోతుంటే దాని వెనక ఎలక్ట్రాన్లు ముసలివవుతున్న తీరు ఆ చిత్రంలో తేటతెల్లం. దూరాన ఆ సన్నని పట్టీని విడిగా చూడడం కష్టం కనుక మొత్తం వాలుతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. దాన్నుంచి షాక్ బలాన్ని లెక్కకడితే, వాలు 1.2 అయినప్పుడు మాక్ సంఖ్య (షాక్ వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చెప్పేది) 3.3, 1.1 అయినప్పుడు 4.6. వాలులో ఇంత చిన్న మార్పు షాక్ బలాన్ని అంతగా మార్చేస్తుంది కాబట్టి దూరపు రెలిక్‌ల మాక్ సంఖ్యలకు దోషపు హద్దులు తప్పక జతచేయాలి.

తేలనిది, తేల్చే దారి

దూరపు గుచ్ఛాలలో హాలోలు ఉన్నాయా అన్న ప్రశ్న ముగిసింది. ఉన్నాయి. వాటిలో అతి నిటారువి ఉన్నాయా అన్నదీ చాలావరకు తేలింది. నిటారువి దూరాన నిజంగా ఎక్కువా అన్నది మాత్రం తేలలేదు. కారణం ఎంపికలోనే ఉంది. 144 మెగాహెర్ట్జ్ దగ్గర వెతికితే నిటారు హాలోలు సులభంగా చిక్కుతాయి. 1300 దగ్గర వెతికితే వాలు తక్కువున్నవే చిక్కుతాయి. ద్రవ్యరాశిని బట్టి ముందే ఎంచుకున్న గుచ్ఛాలను, హాలో ఉన్నా లేకున్నా, అన్ని పౌనఃపున్యాల దగ్గరా చూసినప్పుడే నిష్పత్తులకు అర్థం వస్తుంది.

విరుపు సంగతీ అంతే. రెండు పౌనఃపున్యాల దగ్గరి రెండు అంకెలు ఒక వాలునిస్తాయి, వర్ణపటాన్నివ్వవు. కల్లోల వాదం జోస్యం చెబుతున్నది వంపును. వంపు కనబడాలంటే కనీసం మూడు బిందువులు, వాటి మధ్య తగినంత ఎడం కావాలి. దూరపు హాలోలలో అలాంటి కొలతలు ఇంకా కొద్ది గుచ్ఛాలకే ఉన్నాయి.

సాధనాలు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. లోఫార్ తక్కువ బ్యాండులో వంద మెగాహెర్ట్జ్‌కు దిగువన, నవీకరించిన జీఎంఆర్‌టీ 250 నుంచి 850 వరకు, మీర్‌క్యాట్ 544 నుంచి పైకి చూడగలవు. ఈ తక్కువ పౌనఃపున్యాలు మన ప్రాంతానికి కొత్త కావు. హిందూపురానికి దగ్గరలో, కర్ణాటకలోని గౌరీబిదనూరు డెకామీటర్ టెలిస్కోపు 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసింది. 1980లలోనే సి.హెచ్.వి. శాస్త్రి, షెవ్‌గావ్‌కర్ దానితో గెలాక్సీ గుచ్ఛాలను పరిశీలించారు. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో రూపుదిద్దుకున్న జీఎంఆర్‌టీ ఆ సంప్రదాయాన్ని ప్రపంచ స్థాయికి తీసుకుపోయింది. భారతదేశం భాగస్వామి అయిన స్క్వేర్ కిలోమీటర్ అరే పూర్తయితే ఆస్ట్రేలియాలో 50 నుంచి 350 మెగాహెర్ట్జ్ వరకు, దక్షిణాఫ్రికాలో అంతకు పైన ఒకే గుచ్ఛాన్ని సమాన సున్నితత్వంతో చూడవచ్చు.

అప్పటిదాకా చేయదగ్గ పని చాలా ఉంది. ప్రతి దూరపు హాలో వాలుతో పాటు ఏ మూలాలను ఎలా తొలగించారో, తొలగింపులో వచ్చిన దోషమెంతో విడిగా చెప్పాలి. కృత్రిమ హాలోలతో పరీక్షించి, రెండు పౌనఃపున్యాల దగ్గరా ఎంత కాంతి జారిపోతోందో చూపాలి. హాలో దొరకని గుచ్ఛాల పరిమితులనూ దొరికినవాటితో సమానంగా ప్రచురించాలి. దగ్గరి గుచ్ఛాలతో పోల్చేటప్పుడు కాంతి బయల్దేరిన పౌనఃపున్యాలను సరిపోల్చాలి.

ఇవేవీ వార్తల్లోకి ఎక్కే పనులు కావు. ఇంకా దూరాన ఇంకో హాలో దొరికిందన్న వార్తకు ఉండే ఆకర్షణ వీటికి ఉండదు. కాని గుచ్ఛాల నడుమ అయస్కాంత క్షేత్రాలు ఎప్పుడు పెరిగాయో, ఢీల శక్తి ఎలక్ట్రాన్లకు ఏ దారిన చేరుతుందో చెప్పగలిగేది ఇవే. తెలిసిన ఒక హాలోకు మూడో పౌనఃపున్యం దగ్గర నమ్మదగిన కొలత చేర్చడం ఇప్పుడు కొత్త హాలోను కనిపెట్టినంత విలువైన పని. టెలిస్కోపు సమయం పంచే కమిటీలూ, పరిశోధనాంశం ఎంచుకునే విద్యార్థులూ దానికి ఆ విలువ ఇచ్చి తీరాలి.